గడిలో గీత

ల్యాబులో రక్తం తీసే ఆవిడకు పెద్ద డాక్టరంటే ఒళ్లుమంట. ఆ మహానుభావుడు మనిషి మొహం చూడడు, కాగితమే చూస్తాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఆవిడ రోజుకోసారైనా అనుకుంటుంది. తన పని మాత్రం చకచకా సాగాలి. పొద్దున్నే టీ చల్లారేలోగా ఆ రోజు ఫారాలన్నీ ముందేసుకుని, ఖాళీ గడులన్నిట్లో గీతలు గీసి పెట్టేస్తుంది.

ఇప్పుడా డాక్టరు చేతికి ఆవిడ వదినే చిక్కింది. వదిన పిల్లలకు పాటలు నేర్పుతుంది. థైరాయిడ్ హార్మోను మితిమీరిందనీ, ఒళ్లే తన గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలు తయారుచేస్తోందనీ రెండు పరీక్షల్లోనూ వచ్చింది. గ్రంథి తీసేద్దామన్నాడు డాక్టరు. గొంతు పోయే ప్రమాదం కొంత ఉందని సంతకం కూడా పెట్టించుకున్నాడు. చూడబోతే వదినకు గుండెదడ లేదు, చెయ్యి వణకదు. దుక్కలా ఉన్న మనిషికి కోతలేమిటని ఆవిడ పళ్లు నూరింది.

ఆపరేషనుకు ముందు రక్తం ఇవ్వడానికి వచ్చిన వదిన, సంచిలోంచి మాత్రల సీసా తీసింది.

"జుట్టు రాలకుండా వేసుకుంటున్నా. రేపు కూడా వేసుకోవచ్చా?"

సీసా మీద బయోటిన్ అని ఉంది, మోతాదు గుర్రానికి సరిపడేంత. ఆవిడ సూది పక్కన పెట్టేసింది. ఒంట్లో బయోటిన్ దండిగా ఉంటే తమ మిషను తప్పుడు లెక్కలు చెబుతుంది, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తుంది. ఆపరేషను వాయిదా వేయించి, వారం పాటు మాత్రలు మాన్పించి, మళ్లీ పరీక్ష చేసింది. హార్మోను సరిగ్గా ఉంది. యాంటీబాడీల జాడే లేదు.

ఆ రిపోర్టు పట్టుకుని ఆవిడ డాక్టరు గదిలోకి ఊగిపోతూ వెళ్లింది. ఏం మందులు వాడుతున్నావమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే, నిక్షేపంలాంటి మనిషి గొంతు మీదికి కత్తి వచ్చేది కాదని కడిగిపారేసింది. ఆయన అంతా విని, మొట్టమొదటిసారి మొహమెత్తి చూశాడు.

"అడగలేదు, తప్పే. మీరు అడిగారనుకున్నాను."

వదిన పాత ఫారాలు రెండూ ఆవిడ వైపు తిప్పాడు. 'వాడుతున్న మందులు' అనే గడిలో, రెండింటిలోనూ, ఏమీ లేవన్నట్టు ఆవిడ గీసిన గీతే ఉంది.

మర్నాడు ఆవిడ ఫారాలు ముట్టుకోకుండా టీ తాగింది. మొదట వచ్చిన పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఏమేం మందులు వాడుతున్నారని అడిగింది.

"పదేళ్లుగా మీ దగ్గరికే వస్తున్నానమ్మా," అన్నాడాయన. "ఇదివరకెప్పుడూ అడగలేదేం?"