వెనక గోడ దగ్గర మొదలయ్యే దరువు

పాటల టీచరు ఆ బడిలో చేరి మూడు నెలలైంది. రెండో తరగతి పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు. అంత చిన్నవాళ్లకు సంగీతం అంటే పెద్దగా ఏముంటుంది? ఏది సన్నని గొంతు, ఏది బొంగురు గొంతు, ఏది నడక, ఏది పరుగు, ఎక్కడ పాడాలి, అంతకంటే కష్టమైనది, ఎక్కడ నోరు మూసుకోవాలి. ఇదంతా పిల్లలకు ఒంటబట్టించడానికి ఆమెకు తెలిసిన ఉపాయం ఒక్కటే. తాను చప్పట్లతో ఒక దరువు వేసి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతుంది. ఆ ఖాళీలో పిల్లలు అదే దరువు తిరిగి వెయ్యాలి.

ఈ బడిలో ఆ ఆట మహా జోరుగా సాగేది. పాటల గది మూడో అంతస్తులో, మెట్లకు ఆ చివర ఉంది. పొడుగాటి గది. ఒకవైపు కిటికీలు, టీచరుకు ఎదురుగా పిల్లల బల్లలు, వాటి వెనక సున్నం కొట్టిన ఖాళీ గోడ. ఆ గోడకు ఎదురుగా నిలబడి చేతులెత్తితే చాలు, కొత్త కొత్త దరువులు తన్నుకుంటూ వచ్చేవి. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నా ఆమెకు ఇన్ని తట్టడం ఎన్నడూ లేదు. ఇంటికొచ్చి అక్కకు వినిపించబోతే మాత్రం ఒక్కటీ గుర్తుకొచ్చేది కాదు.

"అట్లా చేతులెత్తుకుని నిలబడ్డావేంటే? దోమల్ని కొడుతున్నావా?" అనేది అక్క.

"బడిలో భలే వచ్చిందక్కా. ఇక్కడ రావట్లేదు."

"అయితే అక్కడే ఉండిపో. నాకో పళ్లెం కడిగే పని తప్పుతుంది."

ఇద్దరూ నవ్వుకునేవారు.

ఒక సోమవారం పొద్దున ఆమెకు మొదటిసారి తేడా తెలిసింది. తన దరువు పూర్తికాకముందే పిల్లలు అందుకుంటున్నారు. తొందరపడుతున్నారనుకుని, "మొత్తం విని, అప్పుడు కొట్టండి" అని మందలించింది. మళ్లీ చేతులెత్తింది. రెండు అరచేతులూ ఇంకా కలవనే లేదు, ఇరవైముగ్గురు పిల్లలూ ఒక్కసారిగా కొట్టేశారు. ఆమె కొట్టబోయిన దరువే అది. చివర్లో వెయ్యాలనుకున్న చిన్న మెలికతో సహా.

ఆమె ఎత్తిన చేతులు దించేసి, "బాగుంది, బాగుంది" అంది.

ఆ రాత్రి అక్క పక్కన కూర్చుని, కిందా మీదా పడి ఒక దరువు కట్టింది. పొడుగు గీత అంటే ఒక చప్పట, పొట్టి గీత అంటే అర చప్పట. కాగితం మీద రాసుకుని, మోకాలి మీద కొట్టి కొట్టి బట్టీపట్టింది. గురువారం ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని చేతులెత్తింది.

పిల్లలు ముందే కొట్టారు. ఈసారి అది వేరే దరువు. అమ్మయ్య అనుకుంది టీచరు. తన కాగితం కేసి చూస్తూ, గీత గీతకీ జాగ్రత్తగా చప్పట్లు కొట్టింది. కొట్టాక గాని తెలియలేదు. తన చేతులు వేసింది కాగితం మీది దరువు కాదు, పిల్లలు వేసిందే.

ముందు వరుసలో పై పళ్లు రెండూ ఊడిన పిల్ల ఉంది. అందరూ ముద్దుగా తొర్రి అంటారు. టీచరు ఆ పిల్ల దగ్గర వంగింది.

"నేనింకా కొట్టనేలేదు కదమ్మా. మీరెందుకు కొట్టారు?"

"వెనక టీచర్ కొట్టారుగా."

"ఎవరు?"

తొర్రి తల తిప్పకుండానే బొటనవేలు భుజం మీదుగా వెనక గోడకేసి చూపించింది. "ముందు వెనక టీచర్ కొడతారు. తర్వాత మీరు కొడతారు. తర్వాత మేం కొడతాం. ఎప్పుడూ అంతేగా? మీకు లేటవుతోందని ఈమధ్య మేమే ముందు కొట్టేస్తున్నాం."

టీచరు గోడ వైపు చూసింది. సున్నం, ఒక మేకు, మేకు కింద ఎండ పడిన చతురస్రం. ఇంకేమీ లేదు.

"మీరు కూడా మాలాగే నేర్చుకుంటున్నారు కదా టీచర్," అంది తొర్రి, ఓదార్పుగా. "వచ్చేస్తుందిలెండి."

ఆ సాయంత్రమే ఆమె పెద్ద టీచరు దగ్గరికి వెళ్లి, పిల్లలు మెట్లెక్కలేక ఆయాసపడుతున్నారని చెప్పింది. పెద్ద టీచరు కళ్లజోడు సర్దుకుని, "కింద అన్నాల గది పదకొండు దాకా ఖాళీయేగా, తీసుకోండి" అంది.

అన్నాల గదిలో మొదటిరోజు టీచరు చేతులెత్తి నిలబడింది. ఏమీ తట్టలేదు. పిల్లలు ఆమె మొహంలోకి చూస్తున్నారు. వంటావిడ గిన్నెలు తోముతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"టీచర్, ఇక్కడ మీకు వినపడట్లేదా?" అని ఎవరో గొంతు తగ్గించి అడిగారు.

"మాకూ వినపడట్లేదు" అంది తొర్రి.

ఆమె మొహం సిగ్గుతో కాలిపోయింది. మూడు నెలలుగా తనవనుకుని మురిసిపోయిన దరువుల్లో ఒక్కటీ తనది కాదు. చివరికి ఒకటీ రెండూ, ఒకటీ రెండూ అని కొట్టింది, పాకే పిల్లలు కొట్టినట్టు. పిల్లలు తలో తీరుగా, బస్తా చిరిగి బంగాళాదుంపలు దొర్లినట్టు బదులిచ్చారు. అయినా అది విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి అక్షరాలు దిద్దించినట్టు అన్నీ మొదటినుంచి మొదలుపెట్టింది.

పిల్లలు పాటకు వాయించే గిలక్కాయల పెట్టె మాత్రం పైన పాటల గదిలోనే ఉండిపోయింది. ఆయా సెలవులో ఉంది. ఒక మధ్యాహ్నం టీచరు తానే మెట్లెక్కింది. గది ఎండతో నిండి, వెచ్చగా, శుభ్రంగా ఉంది. పెట్టె ఎత్తి చంకన పెట్టుకుందో లేదో, వెనక గోడ దగ్గర చప్పట్లు వినిపించాయి. మెత్తగా, తేటగా, చిన్న దరువు. తర్వాత నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇరవై ఏళ్లుగా పిల్లల కోసం తాను వదిలే ఖాళీ అది. ఇప్పుడు తన కోసం ఎవరో వదిలారు.

ఆమె కదల్లేదు.

అదే దరువు మళ్లీ వచ్చింది. ఈసారి నిదానంగా, ఒక్కో చప్పటా విడదీసి, అర్థంకాని పిల్లకు చెప్పినట్టు. విసుగన్నది అందులో ఇసుమంతైనా లేదు. ఆ ఓర్పే ఆమెను ఎక్కువ భయపెట్టింది. మళ్లీ నాలుగు అంకెల ఖాళీ. ఆ తర్వాత ఉత్త రెండు చప్పట్లు. అన్నిటికంటే తేలికైన పాఠం.

ఎందుకు చేసిందో ఆమెకూ తెలియదు. పెట్టె కింద పెట్టి, రెండు చప్పట్లు కొట్టింది.

వెంటనే మూడు వచ్చాయి.

పెట్టె అక్కడే వదిలేసి, కొంగు మెట్లకు తగులుకుంటున్నా ఆగకుండా దిగిపోయింది. ఆ ఏడాదంతా పిల్లలు గిలక్కాయలు లేకుండానే పాడుకున్నారు. చెంచాలతో, కంచాలతో సరిపెట్టుకున్నారు. ఎవరూ అడగలేదు. తొర్రి మాత్రం ఒకరోజు లేచి, "నేను పైకెళ్లి తేనా టీచర్?" అంది.

టీచరు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. గంట కొట్టేదాకా వదల్లేదు.