ఆకుపచ్చ గడి

ఎలీషబమ్మకు గడియారం చూడటం రాదు. అయినా ఆరేళ్లుగా మనవరాలు గ్రేసుకి ఒక్క పూట మాత్ర తప్పలేదు. సాయంత్రం ఏడింటికి పామూరు బస్సు హారన్ వినపడగానే పిల్లను లోపలికి పిలిచి, తలుపు వేసి, మింగించేది. అమ్మానాన్నల్ని పొట్టనబెట్టుకున్న హెచ్‌ఐవీయే పిల్ల ఒంట్లోనూ ఉందని ఆ పల్లెలో ఇంకెవరికీ తెలియదు. అడిగినవాళ్లకు "రక్తం తక్కువలే" అనేది.

అంత సవ్యంగా జరుగుతుంటే, ఇలాంటి పిల్లల బాగోగులు చూసే సంస్థవాళ్లు ఊరుకుంటారా? అనాథలను ఫోన్లతో ఉద్ధరించడానికి బయల్దేరిన మహానుభావులాయె! మార్కాపురం నుంచి కోఆర్డినేటర్ జయపాల్ వచ్చి కొత్త ఫోను చేతిలో పెట్టాడు.

"వేళకు ఇదే పిలుస్తాది అవ్వా. మాత్ర ఏసినాక ఈడ నొక్కితే మా ఆఫీసు కంప్యూటర్లో గ్రేసు గడి ఆకుపచ్చగా మారతాది."

"బస్సు పిలుస్తాంది గదా నాయనా?"

"బస్సుకు డేటా ఉండదవ్వా," అన్నాడు, గొప్ప తెలివిగా.

ఊరికే వచ్చిందని తీసుకోవడం కొరివితో తల గోక్కోవడమే అయింది. ఊళ్లో ఎవరి దగ్గర మంచి ఫోనుంటే చర్చిలో పాట వాళ్ల ఫోన్లోంచే రావాలి. అది అక్కడి ఆనవాయితీ. ఫోను వచ్చింది శనివారం. అది ఇంకా ఒక్కసారీ పిలవకముందే, ఆ సాయంత్రం కూడికకు పాస్టరమ్మ యేసుమణి దాన్ని అడిగి పుచ్చుకుని మైకుకు కలిపింది. కాదంటే ఎందుకని అడుగుతారు, ఎలీషబమ్మ ఇచ్చేసింది. రెండో చరణం మధ్యలో పాట ఆగింది. ఊరంతటికీ వినపడేలా మైకులోంచి తియ్యటి ఆడగొంతు పలికింది: "గ్రేస్, నీ హెచ్‌ఐవీ మాత్ర వేళయింది."

మూడుసార్లు పలికింది. పాస్టరమ్మకు ఆపడం తెలియలేదు. ఆ గొంతు తయారుచేసిన ఘనులకు గుట్టు అనే మాట ఎవరూ నేర్పలేదు కాబోలు. అంతదాకా దేవుని ప్రేమ గురించి పాడిన ఆడవాళ్లు తమ పిల్లల్ని గ్రేసు కూర్చున్న చాప మీంచి లాక్కున్నారు. ఎలీషబమ్మకు ఒళ్లు మండిపోయింది. పిల్లను రెక్క పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, మాత్ర వేసి, నొక్కమన్నది నొక్కింది.

పది రోజులకు సాయంత్రం పూట జయపాల్ వచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"అన్ని గళ్లూ ఆకుపచ్చే అవ్వా! మండలంలో మీ గ్రేసే ఫస్టు."

ఎలీషబమ్మ ఫోను తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"బడిలో అన్నంకాడ పిల్లోల్లంతా ఒక బంతి, మా పిల్ల ఒక్కతే ఒక మూల. అట్ల కూసోని తింటాంది నాయనా. దానికి ఏ రంగొస్తాది మీ గడిలో?"

జయపాల్ నిజంగానే ఫోనులో వెతికాడు. అలాంటి గడి లేదు.

పామూరు బస్సు హారన్ కొట్టింది. ఎలీషబమ్మ గ్రేసును లోపలికి పిలిచింది. తలుపు మాత్రం వేయలేదు. ఇంకెవరి దగ్గర దాయాలని?