మేక చదివిన కాగితం

పొద్దున్నే కొట్టం ఊడ్చి, గంజి తాగి, నల్లమ్మ తన మేకను బడి పక్కనున్న కానుగ చెట్టుకు కట్టేసరికే ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని అక్కడ కూర్చుని ఉంటారు. ఆ మేక కాగితం తింటే, అందులో రాసింది పొల్లుపోకుండా చదివి వినిపిస్తుంది. ఒక్కటే చిక్కు, తిన్న కాగితం మళ్లీ రాదు. మొదట్లో గోవిందప్ప పాసుపుస్తకమే మేపి నెత్తి కొట్టుకున్నాడు. అప్పటి నుంచి దగ్గరలోని బత్తలపల్లెకు పోయి జిరాక్సు తీయించుకుని రావడం ఊరికి అలవాటైంది. జిరాక్సు తడిస్తే మేక నత్తిగా చదువుతుందని నల్లమ్మ ముందే చెప్పేది.

మేక పుట్టకముందు ఈ పని శ్రీరంగప్పది. జేబులో పెన్ను పెట్టుకుని తిరిగే మనిషి ఊళ్లో ఆయనొక్కడే. ఎవరి కాగితం మీదైనా సాక్షి సంతకం ఆయనదే.

నిజం చెప్పాలంటే ఆయనకు చదవడం రాదు. వయసులో ఉండగా ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో మూటలు మోశాడు. జీతం తీసుకోవడానికని సంతకం ఒక్కటి నేర్చుకున్నాడు. తిరిగొచ్చిన రోజున ఎవరో కాగితం చేతికిచ్చి "చూడప్పా" అన్నారు. నలుగురి ముందు రాదనడానికి సిగ్గేసింది. ఆ రోజు అనలేని మాటను ముప్పై ఏళ్లు అనలేకపోయాడు. కాగితం తెచ్చినవాడినే "ఏం సంగతప్పా ఇది?" అని అడిగేవాడు. పెదాలు కదిలించి, వాడు చెప్పిందే కాస్త గంభీరంగా తిప్పి చెప్పేవాడు. మేక వచ్చాక ఆయన్ని అడిగేవాళ్లు లేరు. ప్రాణానికి హాయిగానే ఉంది గానీ, ఆ చెట్టు దారిన మాత్రం నడిచేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఓబులమ్మ ఆయన ఇంటికొచ్చింది. మొగుడు పోయి పన్నెండేళ్లయింది ఆమెకు. మరిది హరినాథ్ ఉమ్మడి చేను మొత్తం సోలారు కంపెనీకి కౌలుకిస్తున్నాడు.

"నా భాగం అడిగితే లేదంటాడు మామా. నాలుగెకరాలూ నేనే వాని పేరుకు రాసిచ్చినానంట. ఇదో, జిరాక్సు. దీన్ని ఆ పొద్దు చదివింది నువ్వే కదా? బీమా కాగితమంటివి."

శ్రీరంగప్పకు బాగా గుర్తుంది. ఆ ఏడు వేరుశెనగ నిలువునా ఎండిపోయింది. ఊరంతా పంట బీమా కాగితాల మీద వేలిముద్రలు వేస్తున్న రోజులు. ఆ హడావుడిలో హరినాథ్ ఇద్దరినీ ఆటోలో ఆఫీసుకు తీసుకుపోయాడు. "బీమాదే మామా" అన్నాడు. ఈయన అదే మాట ఓబులమ్మకు చెప్పాడు. ఆమె ఈయనకు దండం పెట్టి మరీ వేలిముద్ర వేసింది.

"తలనొప్పిగా ఉండాదిమా. రేపు చూస్తా" అన్నాడు. ఆమె మొహం చూడలేకపోయాడు.

కంపెనీవాళ్లు సంతకాలకు ఎల్లుండే వస్తున్నారు. ఓబులమ్మకు ఆగడానికి వీల్లేదు. పైగా మరునాడే న్యాయ సేవల సంస్థ తరఫున జయంతి అనే అమ్మాయి ఊరికొచ్చింది. ఆడవాళ్లు అర్జీ పెట్టుకుంటే ఫీజు లేకుండా లాయరును ఇస్తారని బడి వరండాలో కూర్చుని చెబుతోంది. ఓబులమ్మ ఆ అమ్మాయి ఎదుటే జిరాక్సును మేకకు పెట్టింది. శ్రీరంగప్ప ఇంట్లో ఉండిపోయి ఉంటే అడిగేవాళ్లు లేరు. ఉండలేకపోయాడు. వచ్చి అందరి వెనకా నిలబడ్డాడు.

మేక తీరిగ్గా నమిలి, దస్తావేజుల భాషలో మొదలుపెట్టింది. "...నా భాగము నాలుగు ఎకరములు సర్వ హక్కులతో నా మరిదికి విడుదల చేయడమైనది. ఈ పత్రమును సాక్షి శ్రీరంగప్ప నాకు చదివి వినిపించగా, విని, అర్థము చేసుకొని, వేలిముద్ర వేయడమైనది."

అందరూ వెనక్కి తిరిగారు.

"పెద్దాయనా, కేసంతా ఈ ముక్క మీదే ఉండాది. చదివి చెప్పినారా, లేదా?" అని జయంతి అడిగింది.

"ఏందిది మేడం? ఆయప్ప చదవకుండా సంతకం పెట్టే మనిషా?" అంటూ గుంపులోంచి హరినాథ్ నవ్వాడు.

అవునంటే చాలు. పరువు నిలుస్తుంది, ఓబులమ్మ చేను పోతుంది. శ్రీరంగప్ప జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు.

"చదవలేదుమా. నాకు చదవను రాదు. ఏ పొద్దూ రాలేదు."

గోవిందప్ప దిగ్గున లేచాడు. "మరి మా నాయన వీలునామా, మా అన్నదమ్ముల భాగాలు... అన్నీ నువ్వే చదివితివి కదన్నా!" ఒక్కొక్కరే తమ కాగితాలు గుర్తు చేసుకుంటూ ఇళ్లకు వెళ్లిపోయారు. ఓబులమ్మ కదల్లేదు.

"ఆ పొద్దు నీకు దండం పెట్టినా మామా" అంది.

చెప్పుతో కొట్టినా ఇంతకన్నా నయమనిపించింది ఆయనకు.

"కేసు వేయడానికి గడువు, మోసం తెలిసిన రోజు నుంచే లెక్క" అని జయంతి మేక చదివిన తేదీని అర్జీలో రాసుకుంది.

మరునాడు పొద్దున్నే ధర్మవరం కోర్టులో జడ్జిగారు ఎక్కువేమీ అడగలేదు. అదే పత్రం ఇంకో జిరాక్సు శ్రీరంగప్ప చేతికిప్పించి చదవమన్నారు. అలవాటు కొద్దీ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. హాలు నిండా జనం చూస్తుండగా అలా నిలబడే ఉన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి జడ్జిగారే "చాలు, ఇచ్చేయండి" అన్నారు. తీర్పు వచ్చేదాకా ఆ నాలుగెకరాలు ఎవరికీ ఇవ్వకూడదని ఆ సాయంత్రమే ఆర్డరు రాశారు. ఓబులమ్మ జయంతి బండెక్కి వెళ్లిపోయింది. ఆయనతో ఒక్క మాటైనా అనలేదు.

శ్రీరంగప్ప బస్టాండులో నిలబడ్డాడు. ఎప్పుడూ తెలిసిన మొహం ఎక్కిన బస్సే ఎక్కేవాడు. ఈరోజు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడోది కదులుతుంటే తలుపు దగ్గరికి పరిగెత్తాడు.

"ఇది బత్తలపల్లెకు పోతాదా అప్పా? నాకు చదవను రాదు."

కండక్టరు ఆయన మొహమైనా చూడలేదు.

"పోతాది. ఎక్కు పెద్దాయనా, ఎక్కు."