పెదవి కదిలితే చెప్పు

పలచని ప్లాస్టిక్ తెర కింద ఆమె ముఖం.

అయొడిన్ పూసిన చెంప తడితడిగా మెరుస్తోంది. ఆ వాసన నా ముక్కుకి ఎప్పుడో అలవాటైపోయింది.

నా పని చూడటం.

ఊరికే... చూడటం.

ఆమె చెవి కింద, లాలాజల గ్రంథిలో కంతి. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది. కంటికో కొమ్మ, ముక్కుకో కొమ్మ, పెదవికో కొమ్మ. కత్తెర దగ్గరికొస్తే నరం ఉలిక్కిపడుతుంది. ముఖంలో ఎక్కడో చిన్న అదురు. దాన్ని పట్టే యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయట. స్ఫాక్స్ ఊళ్ళో మా ఆసుపత్రికి నేనున్నాను.

"జకియా, పెదవి కదిలితే చెప్పు. కునుకు తీయకు," అంటాడు డాక్టర్ లస్సాద్.

"మీ చెయ్యి వణక్కపోతే చాలు. నా కళ్ళకేం," అంటాను.

ఆమె పేరు దలెండా. కెర్కెనా దీవి నుంచి పడవలో వచ్చింది. పొద్దున మత్తుకి ముందు నా చెయ్యి పట్టుకుంది.

"అందం పోతే పోనీ అక్కా. మా ఆయనకి పుట్టుచెముడు. నా పెదాలు చూసే వింటాడు. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా సరే, నేను మళ్ళీ చెప్పాల్సిందే. తిట్టానంటే మాత్రం కళ్ళు మూసేసుకుంటాడు, దొంగ."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

అందుకే చూస్తున్నాను.

కన్ను... కదల్లేదు.

ముక్కు... కదల్లేదు.

పెదవి—

"పెదవి, పెదవి," అన్నాను. లోతులేని నీటిలో చేపపిల్ల మెదిలినంత కదలిక.

డాక్టర్ చెయ్యి ఆగింది. పెదవికి పోయే కొమ్మ కంతికి అతుక్కుపోయి ఉంది. కోసేస్తే పని త్వరగా అయిపోతుంది. ఆయన కోయలేదు. కొద్దికొద్దిగా విడదీశాడు. నేను చెప్తూ పోయాను. ఆయన ఆగుతూ పోయాడు.

గంటల తరబడి ఒకే ముఖాన్ని చూస్తే అది మన మనిషి ముఖమైపోతుంది. కనుబొమ్మలో పాత గాయం గీత. పై పెదవి మీద పుట్టుమచ్చ. నా ఇంట్లో ఇలా చూడటానికి ఎవరూ లేరు. నన్ను ఇలా చూసేవాళ్ళూ లేరు. ఆ మాట ఎవరితోనూ అనను.

కంతి వచ్చేసింది. నరం తెగలేదు.

మర్నాడు ఆమె భర్త షెడ్లీ పడవ దిగి వచ్చాడు. నేను వార్డు తలుపు దగ్గర నిలబడ్డాను.

"తిన్నావా?" అంది దలెండా.

కింది పెదవి ఒక పక్కే కదిలింది. ఆయన కళ్ళు చిట్లించాడు.

"తిన్నావా అంటున్నా."

అర్థం కాలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

నరం అలిసింది, తేరుకుంటుంది, ఎప్పుడంటే మాత్రం చెప్పలేను — పొద్దున డాక్టర్ అన్నాడు. ఆ మాట షెడ్లీకి చెప్పేదెవరు? ఆమె చెప్తేనే కదా ఆయనకి ఏదైనా తెలిసేది.

షెడ్లీ మంచం అంచున కూర్చున్నాడు. ఆమె పెదవిలో కదలని సగాన్ని అరచేత్తో మెల్లగా మూశాడు. మిగిలిన సగాన్ని చూశాడు... చాలాసేపు చూశాడు.

"తిన్నావా?"

తలూపాడు.

"అబద్ధం," అంది.

ఈసారి వెంటనే అర్థమైంది. సిగ్గుపడ్డాడు.

నేనింకా అక్కడే ఉన్నాను. మాస్కు లేకుండా, టోపీ లేకుండా. నిన్న ఆమె చూసింది నా కళ్ళు మాత్రమే.

దలెండా నా వైపు తిరిగింది.

"ఎవరి కోసం వచ్చావక్కా?"

"ఎవరి కోసమూ కాదమ్మా," అన్నాను.