జిల్లేడు మిడత

...ఇది ఎర్రది, ఇంకా గుడ్లు పట్టని పడుచుది, ఇది పసుపు ముదిరిన మగది, ఇది తల్లి, పొట్ట కింద వేలు పెడితే సజ్జగింజలు తగిలినట్టు తగులుతున్నాయి గుడ్లు, ఇదీ తల్లే, ఇదీ తల్లే, మరి ఆ జిల్లేడుది ఏది, ఎక్కడ నక్కింది, ఈ చేటలోనే ఉండాలి, ఉండి తీరాలి, అది కనిపిస్తే గదా దర్వీషుకి ఫోనులో చెప్పగలను, ఒరే అది జిల్లేడు మిడతేరా, ఆ నర్సమ్మకి చెప్పు, దాని మందు దానికి వెయ్యమను అని, నిన్న సాయంత్రం పిల్లని మోటారుసైకిలు మీద తన ముందు కూచోబెట్టుకుని, జారిపోకుండా నా తలగుడ్డతో తన నడుముకి కట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు నా కొడుకు, నా నబాతుని, నా ఒక్కగానొక్క మనవరాలిని, నోట్లో నురగ, కాళ్లూ చేతులూ వాటంతటవే కొట్టుకోవడం, కంటిపాపలు ఆవగింజలంత అయిపోయి, నా మొహంలోకే చూస్తోంది గానీ నన్ను చూడటం లేదు, నానమ్మనే తల్లీ అన్నా పలకదు, పొద్దున్నే ఫోను చేశాడు, అమ్మా, పిల్ల తిన్నది ఏ మిడతో అడుగుతున్నారు, జిల్లేడుదా, ఇంకేదన్నానా, దానికో మందట దీనికో మందట, నీకంటే ఎవరికి తెలుసు, తేల్చిపెట్టు, ఎండ ఎక్కేలోపు మళ్లీ చేస్తా అని, ఆ గొంతు వాడిది కాదు, చిన్నప్పుడు బావి గట్టు మీద తప్పిపోయిన రోజున వాడు పిలిచిన గొంతు.

దొరికిందా వదినా, అంటోంది ఆతికా, గుమ్మంలో చతికిలబడి, ఈ పక్కింటి మనిషికి కూచోవడం చేతకాదు, లేవడమూ చేతకాదు, దొరికిందా, తొందరగా తేల్చు తల్లీ, మా పిల్లలు ఆకలికి నా కొంగు నములుతున్నారు, నా గోనెలోవీ నీ గోనెలోవీ ఒక్కచోట ఏరినవే, నేనంటే ఉప్పు చల్లి ఆరబెట్టాను గాబట్టి ఇంకా పొయ్యెక్కలేదు, నీ కోడలు వేసిన ఆ పాడుదాన్ని నువ్వు ఏరేస్తే, మాదాంట్లో కూడా ఉందేమో చూసుకుని వండుకుంటాం, మిగతావాటికేం వచ్చింది, బంగారంలాంటి మిడతలు, అంటూనే తకియ్యా వైపు చూపు విసిరింది, కొండల్లోంచి వచ్చినదానికి మిడతలేం తెలుసమ్మా, అక్కడ వాళ్లకి మేకా కాఫీచెట్టూ తప్ప ఇంకోటి తెలుసా, వాసన పడదని ముక్కు మూసుకుని ఏరింది, చూశాంగా మేమంతా, నా కోడలు తకియ్యా పొయ్యి పక్కన మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూచుంది, ఏడవదు, ఏడిస్తే బాగుండు, నేను జిల్లేడు చెట్టు దగ్గరికే పోలేదు అత్తా, అని ఒక్కసారి అంది, పిల్ల ఆసుపత్రికి పోయేటప్పుడు దర్వీషు దీన్ని బండెక్కనివ్వలేదు, నీ చేత్తో పెట్టింది చాలు అన్నాడు, కన్నతల్లితో అనే మాటేనా అది, ఆ జిల్లేడుది దొరికిందంటే దీని బతుకు ఈ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు, దొరకకపోతే నా నబాతుకి ఏ మందు వేస్తారో తెలియదు, దొరకాలా, దొరకకూడదా, నా వేళ్లు దేవుణ్ణి ఏమని అడగాలి.

కళ్లు మూసుకో అనేది మా అమ్మ, ఈ తిహామా తీరపు ఇసక మీదే, నూరుడురాయి పక్కన కూచోబెట్టి అరచేతిలో ఒక పురుగు పెట్టేది, చెప్పు ఎవరిది, అనేది, ఏమిటిది అని కాదు, ఎవరిది, ఇంటిపేరు అడిగినట్టు, మీసం పొడుగ్గా వెనక్కి వాలి ఉంటే కీచురాయి వాళ్లది, రెక్క మీద రెక్క రాసి పాడుతుంది, తినం, మీసం పొట్టిగా ఉండి కాలు రెక్కకి రాసి పాడితే పచ్చిక మిడతల వాళ్లది, తినొచ్చు గానీ పంటికి చాలదు, గొంతు కింద చిన్న మేకులా తగిలితే దండువాళ్లది, ఆకాశం కప్పేసేవాళ్లది, రెక్కలు రాని దాని పిల్లలు దబా, నేల మీద వాగులా పారతాయి, పుల్లపురుగుని పెడితే నేను కట్టెపుల్ల అనేదాన్ని, అది నడిచేది, అమ్మ నవ్వేది, కట్టెనో ప్రాణమో తానే తేల్చుకోలేనిదాన్ని మనం నోట్లో పెట్టుకోకూడదే అనేది, ఆఖర్న పెట్టేది జిల్లేడుది, మొహం వాలుగా, ఒళ్లు గరుగ్గా, పట్టుకుంటే పారిపోదు, గర్వం దానికి, పక్కలోంచి పాలు చిమ్ముతుంది, ఆ వాసన వేళ్లకి ఎంత కడిగినా పోదు, మా మేనత్త కూతురు దాన్ని కాల్చుకు తిని గుండె నెమ్మదించి నెమ్మదించి పోయింది, అందుకే మా ఇళ్లలో ఏరినవాళ్లు ఏరినా, ముసలిది చేట ముందు కూచుని వేళ్లతో చూడనిదే పొయ్యెక్కవు, నిన్నా చూశాను, తకియ్యా తెచ్చి పోసింది, నేను చూశాను, వేగాక రెక్కలూ కాళ్లూ తుంచాను, నబాతు నా వీపు మీద వాలి, నానమ్మా, గుడ్లున్నవి నాకే, అంది, తల్లి తినదు, నాకు పళ్లు లేవు, దర్వీషు ఉప్పుమళ్ల నుంచి ఇంకా రాలేదు, యుద్ధం వచ్చాక పడవలు లేవు, పిండి లేదు, ఎన్నాళ్లకో పిల్ల కడుపు నిండా తింటోందని ఇద్దరం కూచుని దాన్ని చూశాం, తను నవుల్తుంటే మాకు కడుపు నిండింది.

చేట అయిపోయింది, లేదు, జిల్లేడుది లేదు, ఒక్క వాలుమొహం తగల్లేదు, పిల్ల తినేసిందేమో అదే, అయితే దాని కాళ్లు ఉంటాయి, వేగినా ఆ కాళ్లకి పసుపు చుక్కలు పోవు, తుంచిన కాళ్లూ రెక్కలూ ఇంటి వెనక పోశాను, అక్కడ చూస్తే తెలిసిపోతుంది, గోడ పట్టుకుని లేచాను, ఎక్కడికే వదినా అంది ఆతికా, నీ మొగుడి దగ్గరికి అన్నాను, నా మొగుడు చచ్చి ఎన్నాళ్లయింది అంది, అక్కడికే అన్నాను, ఇలాంటప్పుడు కూడా నోరు ఊరుకోదు నాకు, కుప్ప ముందు కూలబడి కెలికాను, సన్నకాళ్లు, దండువాళ్ల కాళ్లు, ముళ్లున్న కాళ్లు, అన్నీ వాళ్లవే, చుక్కలున్నది ఒక్కటీ లేదు, మరి ఈ నల్లగా రాలుతున్నదేంటి, మసా, కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాను, చీమలు, మోసుకుపోవడానికి వచ్చిన చీమలు, కాలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే, వరస వరస అలాగే బిగుసుకుపోయి ఉన్నాయి, కన్నం దాకా వరస, ఒక్కటీ కదలదు, తకియ్యా, తకియ్యా, ఇలా రా, నిన్న వీటిని ఎలా పట్టారే, పొద్దున్నే చలికి బిగుసుకున్నప్పుడేనా, తెల్లారకముందే పోతేనే గదా మిడత చేతికి చిక్కేది, ఎండ తగిలితే లేచిపోతుంది గదా, లేదు అత్తా, మేం పోయేసరికే ఎండ మండుతోంది, అయినా లేవలేదు, ఒక్కటీ లేవలేదు, కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, కొన్ని చచ్చి ఉన్నాయి, గింజలు ఎత్తినట్టు ఎత్తాం, దేవుడు మన ఆకలి చూసి కిందపడేశాడు అంది ఆతికా పిన్ని, అందరం చేతులెత్తి దువా చేసుకున్నాం, నాకేం తెలుసు అత్తా, చేతులకి కిరసనాయిలు వాసన వస్తే, మీ మిడతల వాసన ఇంతే కాబోలనుకున్నాను.

కిరసనాయిలు, మిడతకి ఆ వాసన ఎక్కడిది, మిడతకి వాన పడ్డ గడ్డి వాసన, వాగు అవతల మొన్న బండి చక్రాల జాడలున్నాయన్నారు, ఎవరి బండో, ఈ పక్క తుపాకులవాళ్లదో ఆ పక్కవాళ్లదో, మందు కొట్టి పోయారు, తినేవాళ్లున్నారని ఒక్కమాట చెప్పిపోలేదు, మేకపిల్ల చచ్చి కనబడితే ముట్టుకోం, ఎలా చచ్చిందో అడుగుతాం, కోడి చస్తే అడుగుతాం, చేపకీ మిడతకీ మాత్రం హలాలు చేసే కత్తి అక్కర్లేదు, చచ్చి దొరికినా మనదే, అలా తింటూ వచ్చాం, మా అమ్మా తిన్నది, వాళ్ల అమ్మా తిన్నది, అందుకే మిడతని చూడగానే నువ్వెవరి ఇంటిదానివే అని అడుగుతాం, దేనితో చచ్చావే అని ఎవరం అడగం, మా అమ్మ నేర్పిన పేర్లన్నిట్లో ఆ పేరు లేదు, నా వేళ్లు తప్పు చెప్పలేదు, ఎర్రది ఎర్రదే, తల్లి తల్లే, ఆతికా గుమ్మంలోంచి అరుస్తోంది, ఏమే వదినా, జిల్లేడుది దొరికినట్టేనా, నేను పోయి పొయ్యి రాజేసుకోనా, పెద్దపిల్ల అప్పుడే చిదుగులు విరుస్తోంది, వద్దే ఆతికా, వద్దు, పొయ్యి వెయ్యకు, పాతెయ్యి, గోనెతో సహా పాతెయ్యి, మిగతా ఇళ్లకి కేక వెయ్యమను నీ పిల్లని, నీకేమన్నా పిచ్చా, పాతేసి ఏం పెట్టను నా పిల్లలకి, మట్టా, జిల్లేడుది ఉందా లేదా చెప్పు ముందు, లేదే, లేదు, అదే చెప్తున్నాను, తకియ్యా నా మోచెయ్యి పట్టుకుంది, లోపల ఫోను మోగుతోంది, వాడే, ఏ మిడతమ్మా అంటాడు, మిడత కాదురా, మందురా, మిడతల మందు అని ఆ నర్సమ్మతో చెప్పు, తొందరగా చెప్పు, అప్పటికి ఇంకా నా నబాతు ఊపిరితో ఉంటే, అంటాను, ఇంకేం అనను, ఈ చేటలో ఉన్నవన్నీ మంచి మిడతలే, ఒక్కటీ తినడానికి లేదు.