ప్లేటులో అక్క గొంతు

నాకు కోపం ఎక్కువని మా అక్క కనిపించినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పనీ. కానీ ఆ పుస్తకంలో ఆ ఒక్క వాక్యం చదివితే శాంతమూర్తికైనా ఒళ్ళు మండుతుంది.

గొప్ప వాగ్గేయకారులు తమ పాటలు తామే పాడుకున్న పాత రికార్డులు ఏరి, శుభ్రం చేయించి, ఒక సంస్థ మళ్ళీ విడుదల చేస్తోంది. తోడుగా వాళ్ళ జీవితాల మీద ఒక పుస్తకం. అందులో మా అక్కకూ చోటిచ్చారు. సంతోషమే. అయితే సౌండ్ ఇంజనీరు అమ్మాయి తెచ్చిన ప్రూఫులో ఇలా ఉంది: "గొంతు కీచుగా ఉండటంతో ఈమె పాడటం మాని, పాటలు కట్టడంతో సరిపెట్టుకున్నారు."

"సరిపెట్టుకోవడమేంటి? అదేమన్నా చిరిగిన దుప్పటా?" అని ఎగిరిపడ్డాను.

"రాసింది నేను కాదమ్మా," అంది పాపం ఆ పిల్ల. "రేపు ప్రెస్సుకు వెళ్ళిపోతుంది. మీ అక్కగారేమో అసలు తన రికార్డే వద్దంటున్నారు. శిష్యురాలి చేత పాడించుకోమంటున్నారు. మీరైనా నచ్చజెప్పరూ?"

"ఆ పిచ్చుక గోల మళ్ళీ లోకం మీదికి వదలకండి!" అని లోపలి గదిలోంచి అక్క అరిచింది.

పిచ్చుక అన్నది ఒక విమర్శకుడు పెట్టిన పేరు. అక్క తన మొదటి పాట రికార్డు ఇచ్చినప్పుడు పక్కన ఫిడేలు వాయించింది నేనే. ఆ గ్రామఫోను ప్లేటు బయటికి రాగానే ఇద్దరం రెక్కలు కట్టుకుని దుకాణానికి వెళ్ళి విన్నాం. సన్నగా, కీచుమంటూ, ఎవరో తరుముతున్నట్టు పరుగు. కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ ఇంటికొచ్చాం. మన గొంతు మనకు తెలియదు, యంత్రం అబద్ధం చెప్పదు అనుకున్నాం. ఆ ప్లేటు మళ్ళీ మా గడప తొక్కలేదు. అక్క మళ్ళీ ఒకరి ముందు నోరు విప్పలేదు. శిష్యులకు పాఠం కూడా నా ఫిడేలు చేతే చెప్పించేది. ఆవిడ పాటలు పాడని సభ లేదు, ఆవిడ గొంతులో పాట విన్నవాళ్ళు లేరు.

"పెట్టమ్మా ఆ ప్లేటు, విని మరీ పోట్లాడతాను," అన్నాను.

అమ్మాయి తన గ్రామఫోను బల్ల మీద పెట్టి ముల్లు దించింది. అదే కీచు. చేతులు ఊరుకోక ఫిడేలు తీసి ప్లేటుతో పాటు వాయించబోయాను. కలవలేదు. తీగ సరిచూసుకున్నాను, సరిగ్గానే ఉంది. అక్క శ్రుతికి తప్ప నా ఫిడేలును ఇంకో శ్రుతికి నేను ఏనాడూ కట్టలేదు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇందులో వాయిస్తున్నదీ నేనే, ఇక్కడ వాయిస్తున్నదీ నేనే. నాతో నాకే కుదరదేంటి?"

అమ్మాయి నావైపు చూసింది, ప్లేటువైపు చూసింది. "అమ్మా, ఆ రోజు రికార్డు చేసేటప్పుడు ఏమైనా గొడవ జరిగిందా?"

"గొడవంటే, పాట పెద్దది, ప్లేటులో పట్టదు, ఒక చరణం తీసెయ్యమన్నాడు ఆ రికార్డింగాయన. నా చెయ్యి తీసెయ్యండి గానీ చరణం తియ్యనంది అక్క. సణుక్కుంటూ వెళ్ళి మిషన్ దగ్గర ఏదో తిప్పి, ఇక పాడమన్నాడు."

అమ్మాయి నవ్వేసింది. "పాట పట్టడానికి ప్లేటును నెమ్మదిగా తిప్పి ఎక్కించారు. నెమ్మదిగానే వినాలని లేబుల్ మీద వెయ్యడం మరిచారు. అందరూ మామూలు వేగంతో వింటున్నారు. మీరు వాయిస్తూ ఉండండి."

నేను తీగ పట్టాను. తను వేగం మర కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పింది. పాట దిగింది, ఇంకా దిగింది. నా ఫిడేలూ ఆ ఫిడేలూ ఒకటైన చోట ఆపింది.

మా అక్క గొంతు! నిండుగా, తొణకకుండా, ప్రతి మాటా నిలబెట్టి పాడుతోంది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ లేదు.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఎవరే ఆ పాడేది? ఎంత బాగా పాడుతోంది!"

"నువ్వే, మహాతల్లీ!"

అక్క కుర్చీ వెతుక్కుని కూర్చుంది. చివరిదాకా విని, మళ్ళీ పెట్టించుకుని విన్నది. "ఇది నా గొంతా? ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకు కూర్చున్నానే," అని గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. నేను ఆ రికార్డింగాయన వంశాన్నంతా తిట్టిపోశాను.

"ఆయన్నేమీ అనకే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కనీసం నా పాట తెగ్గొయ్యలేదు. ఈ ప్లేటు ఇలాగే వెయ్యమను."

అమ్మాయి వెంటనే సంస్థకు ఫోన్ చేసి ప్రెస్సు ఆపించింది. రికార్డు సరైన వేగంతో వెళుతుందనీ, అక్క ఒప్పుకుందనీ చెప్పి, ప్రూఫులో ఆ వాక్యం అడ్డంగా కొట్టేసింది. "దీని బదులు ఏం రాయమంటారు, అమ్మగారూ?"

"రాతలు తర్వాత. నీ దగ్గర మైకుందా?"

"ఉంది. ఎందుకండీ?"

"కొత్త పాటొకటి కట్టాను. శిష్యులెవరికీ చెప్పలేదు." ఇటు తిరిగి, "ఏమే, ముక్కు చీదుకోవడం అయితే శ్రుతి అందుకో," అంది.

అమ్మాయి మైకు పెట్టి చెయ్యెత్తి సైగ చేసింది. అక్క గొంతు మొదటి మాట దగ్గర వణికింది. ఆపలేదు. రెండో మాటకు నిలదొక్కుకుని, తలెత్తి, ఇల్లంతా నిండేలా పాడింది.