వంతెన అప్పగింత

మగవాళ్లు సంధి మాట్లాడుకునేటప్పుడు ఎంత టీ తాగుతారో కాచి పోసేవాళ్లకే తెలుస్తుంది. ఆ వేసవిలో మధ్యాహ్నమైతే చాలు, మా అతిథిగది నిండిపోయేది. ఒక గోడకు ఆనుకుని సర్కారు తరఫున జిల్లా అధికారి హకీమీ కూర్చునేవాడు. ఎదురుగోడకు సర్కారు మీద తుపాకీ ఎత్తిన కొండవాళ్ల తరఫున మౌల్వీ తోర్‌జాన్. మధ్యలో మా లోయ పెద్దలు, వాళ్లకు పెద్ద మా బాబాయి గుల్‌బాజ్. తుపాకులన్నీ బయట గోడకు చేరేసి రావాల్సిందే. మా నాన్న బతికున్న రోజుల నుంచీ ఆ గదిలో రెండు వైపులవాళ్లూ మా రొట్టె తిన్నవాళ్లే కాబట్టి, దాన్ని అటూ ఇటూ కాని చోటు కింద లెక్కేసేవారు. నేను తెర వెనక పొయ్యి దగ్గర కూర్చుని అన్నీ వినేదాన్ని. విధవని, యాభై దాటినదాన్ని. నన్ను పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు.

వాళ్లు మాట్లాడుకునేది మా వంతెన గురించి. వంతెన దగ్గర సర్కారు కాపలా చౌకీ ఉంది. దానికి నాయకుడు మా తమ్ముడు బర్యాలయ్. వాడు ఊయలలో ఉండగానే మా అమ్మ పోయింది, పెంచింది నేనే. ఇన్నేళ్లూ ఆ చౌకీ నిలబడిందంటే వెనక గుట్టమీద పరదేశీ సైన్యం శిబిరం ఉండబట్టే. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే శిబిరంలో దీపాలు వెలుగుతున్నాయి గాని మనుషులు లేరు. చౌకీలో ఉన్న మావాళ్లకు ఒక్క మాట చెప్పలేదు. ఇంటికొచ్చిన చుట్టం కూడా పోతూ పోతూ వెళ్లొస్తానంటాడు. వీళ్లు అదీ అనలేదు.

ఇక చౌకీ నిలవదని మా ఇంటి మేకకి కూడా తెలుసు. కాల్పులు లేకుండా దాన్ని కొండవాళ్లకు అప్పజెప్పడం, సిపాయిలు ప్రాణాలతో ఇళ్లకు చేరడం, ఇదీ మాట్లాడాల్సింది. దానికి ముందు పెద్దలు మా వాకిట్లో ఒక రాయి తెచ్చి పెట్టారు. ఆ రాయి తీసేదాకా ఎవరూ కాల్చకూడదని మా కట్టుబాటు. హకీమీ నగరంలో చదువుకున్నవాడు. రాయి సంగతి సరే, కాగితం మీద కూడా రాసుకుందామన్నాడు. కాగితం చింపడం తేలికనీ, రాయిని చింపినవాణ్ణి ఇంతవరకు చూడలేదనీ మా బాబాయి జవాబిచ్చాడు.

జెండా ఎవరు దించాలన్నదానికి ఒక రోజు పోయింది. జనరేటర్ ఎవరిదన్నదానికి ఇంకో రోజు. ఆ తర్వాత శిబిరంలో పరదేశీలు వదిలిపోయిన కసరత్తు యంత్రం మీదికి మాట మళ్లింది. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంచే యంత్రమది. అది ఎవరికని హకీమీ గుమాస్తా అడిగితే తోర్‌జాన్ టీ చప్పరిస్తూ అన్నాడు:

"మాకొద్దు. దోహాలో మీవాళ్లూ మావాళ్లూ ఎటూ తేలని చర్చలకు కూర్చున్నారుగా, వాళ్లకు పంపండి. రెండు వైపులవాళ్లకీ పనికొస్తది."

హకీమీ కూడా నవ్వాడు. తెర వెనక నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే ముడి విడిపోయిందనుకున్నాను. సిపాయిలు తుపాకులు వంతెన మీద పెట్టేసి శుక్రవారం నమాజు తర్వాత ఇళ్లకు పోవచ్చన్నారు. దారిలో ఎవరూ తాకరన్నారు. బాబాయి దువా చేయడానికి చేతులెత్తబోతుండగా తోర్‌జాన్ కప్పు కింద పెట్టాడు.

"అందరూ పోవచ్చు. బర్యాలయ్ తప్ప."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, కోపంలో అన్నాడులే అనుకునేదాన్ని. హకీమీ కాసేపు కాగితం వైపు చూశాడు. మిగతావాళ్ల ప్రాణాలు కూడా చూడాలి కదా అని గొణిగాడు. అంతే, ఒప్పుకున్నాడన్నమాట. మొన్నటిదాకా మా తమ్ముడి భుజం తట్టి సింహమన్నవాడు! ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. వాడి కప్పులో ఆ తర్వాత నేను బెల్లం వేయలేదు. నా చేతిలో ఉన్న శిక్ష అదొక్కటే.

తోర్‌జాన్ అడిగింది ఊరికే కాదు. రెండేళ్ల కిందట అతని తమ్ముడు జ్మరక్ మోటారు సైకిల్ మీద వంతెన దగ్గరికొచ్చాడు. ఆగమంటే ఆగలేదు. బండికి బ్రేకులు లేవని కొందరన్నారు, నిజం ఎవరికీ తెలియదు. మా తమ్ముడు కాల్చాడు. ఆ కుర్రాడు ఏనాడూ తుపాకీ పట్టినవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే రొట్టెలు మూటగట్టుకుని చౌకీకి పోయాను. సంగతి చెప్తే బర్యాలయ్ తల దించుకుని విన్నాడు. వాడికి బతికే దారి ఒక్కటే ఉంది. మాలో దాన్ని ననవాతె అంటారు. చంపినవాడు గొర్రెను వెంట తోలుకుని తన కాళ్లతో నడిచి శత్రువు ఇంటి గుమ్మం తొక్కి క్షమించమని అడగాలి. అలా లోపలికొచ్చినవాణ్ణి వెళ్లగొడితే ఆ ఇంటి పరువు ఏడు తరాలకు పోతుంది. అందుకే ఎంతటి పగవాడైనా కాదనలేడు. కాని అడగడమే ఒక చావు. మావాళ్లలో అడగడం కన్నా కాల్పుల్లో పోవడమే నయమనుకున్నవాళ్ల సమాధులు గుట్ట నిండా ఉన్నాయి.

"ఆగమన్నా, ఆగలేదు," అన్నాడు వాడు. "అది నా డ్యూటీ. ఇప్పుడు పోయి క్షమాపణ అడిగితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదక్కా."

"తప్పో ఒప్పో, ఆ పిల్లాడు చచ్చాడా లేదా?"

వాడు తుపాకీ తుడవడం మొదలుపెట్టాడు. మొండితనం మా ఇంటి ఆస్తి, నాకూ వాటా ఉంది. ఇంటికొచ్చి కొట్టంలోంచి మంచి గొర్రెను విప్పాను. తాడు పట్టుకుని ఏటి వెంట తోర్‌జాన్ ఊరికి బయల్దేరాను. తమ్ముడి బదులు అక్క పోతే చెల్లుతుందా అంటే, ఆడది గుమ్మం తొక్కితే ఇంకా బరువెక్కువని మా నాన్న అనేవాడు. దానిమీదే నా ధైర్యం.

తోర్‌జాన్ తల్లి బఖ్త్‌మీనా బీబీ వాకిట్లో మల్బరీ పళ్లు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టింది. నేను గడప దాటి ఆమె కాళ్లదగ్గర కూర్చుని చున్నీ కొంగు ఆమె పాదాల మీద పరిచాను. తమ్ముణ్ణి క్షమించమన్నాను. తోర్‌జాన్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తల్లి ముందు అతను మౌల్వీ కాదు, కొడుకంతే.

ఆమె ఇంకో దోసెడు పళ్లు పరిచింది. తర్వాత అంది:

"గొర్రెను తోలుకొచ్చింది నువ్వు. నా కొడుకుని చంపింది నువ్వు కాదుగా. వాణ్ణి రమ్మను. గొర్రె నాకొద్దు, ఏమీ వద్దు. ఆఖర్న నా బిడ్డ ఏమన్నాడో వాడొక్కడికే తెలుసు. అది నా ముందు కూర్చుని చెప్పమను."

"చెప్తే?"

"చెప్పనీ. తర్వాత చూద్దాం."

ఇంత తేలిగ్గా పోతుందనుకోలేదు. గొర్రెను వెనక్కి తోలుకుంటూ దారంతా అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. నేరుగా చౌకీకి పోయి తమ్ముడికి చెప్పాను. వాడు నన్ను పక్కకు లాగాడు.

"అదొక్కటీ అడగొద్దని చెప్పక్కా. గొర్రెలు ఎన్నంటే అన్ని ఇద్దాం."

అప్పుడు అర్థమైంది నాకు. వాడు ఇన్నాళ్లూ దాచింది పరువు ఒక్కటే కాదు. ఏం దాచావని అడగలేదు. శుక్రవారం ఎల్లుండే.

"ఒరే, నిన్ను ఈ చేతుల్తో ఊపాను," అన్నాను. "నీకు గడప దాటడం కష్టం, సరే. మరి నీ శవాన్ని చూడటం నాకు తేలికనుకున్నావా?"

వాడు తుపాకీ పక్కవాడి చేతికిచ్చి లేచాడు.

రాయి ఇంకా మా వాకిట్లోనే ఉంది కాబట్టి దారిలో ఎవరూ ఆపలేదు. వంతెన దాటగానే వాడికి చెప్పడం మొదలుపెట్టాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏం కావాలి? ఆఖరి ఊపిరిలో కల్మా చదివినవాడు స్వర్గానికి పోతాడంటారు, ఆ పిల్లాడు కల్మా చదువుతూ పోయాడని చెప్పు, నొప్పి తెలియలేదని చెప్పు, అంతే కదా అన్నాను. అలాంటి అబద్ధానికి పాపం రాదు, వస్తే నేను మోస్తానన్నాను. వాడు ఊ కొట్టలేదు, కాదనలేదు. నాకు ఒళ్లు మండింది. నీ మూగనోము శుక్రవారం దాకా దాచుకోమని కసిరాను.

బఖ్త్‌మీనా బీబీ గదిలో చాప మీద కూర్చుని ఉంది. తోర్‌జాన్ గోడ దగ్గర. మా తమ్ముడు గడప దాటాడు. దాటాడని నాలో నేను రెండుసార్లు చెప్పుకున్నాను. మోకాళ్లమీద కూర్చుని తలపాగా తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాని వైపు చూడలేదు.

"ఏమన్నాడు?"

"ముందు నీళ్లడిగాడమ్మా."

నేను కళ్లు మూసుకున్నాను.

"ఇచ్చావా?"

"లేదు. పడ్డాక చాలాసేపు బతికే ఉన్నాడు. వాడి దగ్గరికి ఎవరూ పోవద్దని పరదేశీ కెప్టెన్ అరిచాడు. బట్టల కింద బాంబు ఉండొచ్చు, తీసేవాళ్లు వచ్చేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. నా చేతిలో నీళ్లసీసా ఉంది. నేను పోలేదు."

"ఆర్డర్ కాబట్టి పోలేదా?"

"భయమేసి పోలేదు."

తోర్‌జాన్ లేచి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడకుండానే చెయ్యెత్తింది. అతను మళ్లీ కూర్చున్నాడు. ఎందుకు చెప్పావురా, ఎందుకు చెప్పావు అని లోపల వాణ్ణి తిడుతూనే ఉన్నాను. ఒక్క చిన్న అబద్ధం ఆడి ఉంటే ఈపాటికి బయటపడేవాళ్లం.

"తర్వాత?" అంది ఆమె.

"తర్వాత నిన్ను పిలిచాడు."

"కల్మా చదవలేదా?"

"లేదమ్మా. నిన్నే పిలిచాడు. ఊపిరి ఆగేదాకా."

బయట మా గొర్రె అరుస్తోంది. వద్దన్నా మళ్లీ తోలుకొచ్చాను, ఆచారం ప్రకారం.

"పరామర్శకొచ్చిన ప్రతివాడూ కల్మా చదువుతూ పోయాడనే చెప్పాడు," అంది ఆమె కొడుకు వైపు తిరిగి. "నువ్వూ అదే చెప్పావు. కాలికి ముల్లు గుచ్చుకున్నా అమ్మా అని ఊరంతా వినబడేట్టు అరిచే పిల్లాడు వాడు. నన్ను పిలవకుండా పోయాడంటే నేనెట్లా నమ్మేది? నన్ను మరిచిపోయి పోయాడా అనుకుంటూ రెండేళ్లు బతికా."

ఆమె ఏడవలేదు. తోర్‌జాన్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మౌల్వీ భుజాలు కదలడం నేను చూశాను. నిన్నటి నుంచీ నేను తిట్టుకుంటున్న మనిషి అతను. ఆ క్షణాన జాలేసింది.

"శుక్రవారం వీణ్ణి ఎవడూ తాకకూడదు," అని ఆమె చెప్పింది. తోర్‌జాన్ సరేనన్నట్టు తల ఊపాడు.

నేను ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకోబోయాను. ఆమె విడిపించుకుని లేచి మూల ఉన్న కుండ దగ్గరికి పోయింది. గిన్నె నిండా నీళ్లు ముంచుకొచ్చి మా తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు గిన్నెను కింద పెట్టబోయాడు. దాహం లేదమ్మా అన్నాడు.

"తాగు," అంది ఆమె. "మా ఇంట్లో నీళ్లుండగా ఎవడి గొంతూ ఎండబెట్టం."

వాడు తాగాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె ముందే నిలబడి చూసింది.